బడి మారిన సారు



మన పిల్లవాణ్ణి ఒక బడి మాన్పించి ఇంకో బడిలో వేయాలంటే ముందు టి.సి. తెచ్చుకోవాలి. తమిళనాడు బళ్లలో ఇచ్చే ఆ కాగితంలో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఒంటిమీది పుట్టుమచ్చలు, చదివిన క్లాసు అన్నీ రాసి, నడవడిక అని కూడా ఒక గడి పెడతారు. పదేళ్ల పిల్లవాడు బుద్ధిమంతుడా కాదా అన్నది హెడ్‌మాస్టరుగారు సంతకం చేసి, సీలు వేసి మరీ చెప్పాలి.

మరి ఆ పిల్లవాడికి పాఠం చెప్పే సారు బడి మారితే? ఆయన చేతికి వచ్చేది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. చాలా బళ్లలో అది మూడు వాక్యాల ఉత్తరం. ఫలానావారు ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు మా దగ్గర లెక్కలు చెప్పారు, సొంత కారణాల వల్ల మానుకుంటున్నారు, వారికి అన్నివిధాలా శుభం కలగాలని కోరుతున్నాం. అంతే. ఆ సొంత కారణాలేమిటో ఉత్తరంలో ఉండదు. కొత్త బడి కరస్పాండెంటుగారు అడగరు, పాత బడివారు చెప్పరు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ఉత్తరం గురించి.

నేనుండేది చెన్నై కోడంబాక్కంలో. ఇక్కడి నుంచి వడపళని దాటితే కె.కె.నగర్. 2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో విడత ఊళ్లను ఊపేస్తున్న రోజులు. బళ్లు మూతపడి, పిల్లలు సెల్‌ఫోన్లలో పాఠాలు వింటున్న కాలం. కె.కె.నగర్‌లోని పద్మ శేషాద్రి బాలభవన్‌లో కామర్స్ చెప్పే ఒక సారు మీద పాత విద్యార్థులు ఇన్‌స్టాగ్రామ్‌లో నోరు విప్పారు. ఆన్‌లైన్ క్లాసుకు తువ్వాలు చుట్టుకుని వచ్చారని, అమ్మాయిలకు పంపకూడని మెసేజీలు పంపారని ఆరోపణలు. బడి ఆయన్ను సస్పెండ్ చేసింది. అశోక్‌నగర్ మహిళా పోలీసులు పోక్సో కేసు పెట్టి అరెస్టు చేశారు. ఇంతకుముందెన్నడూ ఈ సంగతి మా దృష్టికి రాలేదని యాజమాన్యం ప్రకటించింది. తప్పొప్పులు తేల్చవలసింది కోర్టు. నేనా జోలికి పోను.

నాకు పట్టుకున్న దిగులు వేరే. అప్పుడు మాట్లాడినవాళ్లలో బడి విడిచి ఏళ్లు గడిచినవాళ్లున్నారు. బడిలో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పుకోలేని మాట, పెద్దయి తమ కాళ్ల మీద తాము నిలబడ్డాక చెప్పారు. అప్పటికి మార్కులు పోతాయన్న భయం లేదు కనుక చెప్పారు. ఒక్క బడితో అది ఆగలేదు. ఆ కొద్దిరోజుల్లోనే చెన్నైలోని ఇంకొన్ని పేరున్న బళ్ల సంగతులూ బయటపడ్డాయి. జూన్ నెలలో కేళంబాక్కంలో బడి నడిపే ఒక బాబాను ఢిల్లీ దాకా వెళ్లి పట్టుకొచ్చారు.

ఆ ఊపులోనే తమిళనాడు ప్రభుత్వం 2021 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి బడిలోనూ విద్యార్థుల రక్షణకు ఒక సలహా సంఘం ఉండాలి. అందులో ప్రిన్సిపాల్, టీచర్లు మాత్రమే కాదు, తల్లిదండ్రుల ప్రతినిధులూ ఉండాలి. ఆన్‌లైన్ పాఠాలు రికార్డు చేయాలి. ఫిర్యాదుల పెట్టె పెట్టాలి. మంచి ఉత్తర్వు. మీ పిల్లల బడిలో ఆ సంఘంలో ఎవరెవరున్నారో మీకు తెలుసా? మా వీధిలో పది ఇళ్లలో అడిగితే తొమ్మిది ఇళ్లవాళ్లు, అలాంటిది ఒకటుందా అని తిరిగి నన్నే అడుగుతారు.

చట్టం లేక కాదండీ. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం, మనం పోక్సో అంటున్నది, 2012లో వచ్చింది. ఆ ఏడు నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారందరూ దాని లెక్కలో పిల్లలే, ఆడపిల్లలూ మగపిల్లలూ కూడా. బడి యాజమాన్యంలోగానీ సిబ్బందిలోగానీ ఉన్న మనిషి ఆ బడి పిల్లల మీద చెయ్యి వేస్తే, మామూలు నేరం కంటే బరువైన నేరంగా లెక్కిస్తుంది. అత్యాచారమైతే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఇరవై ఏళ్లు. చెడు తలంపుతో తాకితే అయిదేళ్లకు తక్కువ కాదు. మా ఇద్దరికీ ఇష్టమే అన్న మాట అక్కడ చెల్లదు. సారుకూ ప్లస్ టూ పిల్లకూ మధ్య ప్రేమ అనేది ఈ చట్టానికి తెలియదు. మా కోడంబాక్కంలో తీసిన సినిమాలు కొన్ని మేష్టారు వెంటపడే స్టూడెంటును, స్టూడెంటును వలచే మేష్టారును చూపించి మనచేత చప్పట్లు కొట్టించుకున్నాయి లెండి. ఆ సరదా కోర్టులో నడవదు.

సిబ్బంది అని చట్టం అంటున్నప్పుడు మనకు టీచరే తోస్తాడు. కానీ బడిలో ఎంతమంది! వ్యాన్ అణ్ణా, ఆయమ్మ, పి.టి. సారు, కంప్యూటర్ ల్యాబ్ అబ్బాయి, వాచ్‌మన్, సాయంత్రం కరాటే నేర్పించడానికి వచ్చే మాస్టరు. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2022 అక్టోబరులో ఏం జరిగిందో మీరు వినే ఉంటారు. నాలుగేళ్ల పాప, ఎల్.కె.జి. చదువుతోంది. పట్టుబడినవాడు ప్రిన్సిపాల్‌గారి కారు డ్రైవరు. పిల్లలతో ఏ పనీ లేని మనిషి, బడి లోపల ఇష్టం వచ్చినట్టు తిరిగాడు. ప్రభుత్వం కోపం మీద బడి గుర్తింపు రద్దు చేస్తే, నడిమధ్యలో మా పిల్లల చదువు ఏంగాను అని తల్లిదండ్రులే రోడ్డెక్కారు. 2023 ఏప్రిల్‌లో నాంపల్లి కోర్టు ఆ డ్రైవరుకు ఇరవై ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఆరు నెలల్లో తీర్పు. పోక్సో కేసుల్లో ఏడాదిలోగా విచారణ ముగించాలని చట్టంలోనే ఉంది గానీ, ఇంత తొందరగా ముగిసిన కేసులు అరుదు.

ఇక చట్టంలో జనానికి అంతగా తెలియని భాగం ఒకటుంది. నేరం జరిగిందని తెలిసినవాళ్లు, జరగబోతుందని అనుమానం కలిగినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అదీ నేరమే. మామూలు మనిషికి ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసేవాడి సంగతి దాచిపెడితే ఏడాది దాకా. 2021 నవంబరులో కోయంబత్తూరులో ఒక విద్యార్థిని ప్రాణం తీసుకున్న కేసులో టీచరుతోపాటు ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేసింది ఈ సెక్షన్ కిందే. 2024 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో, మన తెలుగు పల్లెలు బోలెడున్న జిల్లా అది, ఒక ప్రైవేటు బడిలో ఎన్.సి.సి. శిబిరం అని పేరు పెట్టి పిల్లలను రాత్రిళ్లు బడిలోనే పడుకోబెట్టారు. ఎన్.సి.సి.కి ఆ శిబిరంతో ఏ సంబంధమూ లేదు. శిక్షకుడినని చెప్పుకున్నవాడి మీద ఒక బాలిక ఫిర్యాదు చేసింది. సంగతి తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణ మీద బడి పెద్దలూ అరెస్టయ్యారు. ఎన్.సి.సి. ఆఫీసుకు ఎవరైనా ఒక్క ఫోన్ చేసి, ఇతను మీ మనిషేనా అని అడిగి ఉంటే ఆ శిబిరం మొదలయ్యేదే కాదు.

చట్టం ఇంత గట్టిగా చెబుతున్నా ప్రిన్సిపాల్ గదిలో జరిగేది ఇంకొకటి. ఆ గదిలో మాటలు ఎలా ఉంటాయో చెబుతాను. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ కూర్చుని ఉంటుంది. మేడమ్‌గారు గ్లాసుతో మంచినీళ్లు జరిపి అంటారు: "చూడండమ్మా, మీ పాప ఈ ఏడు టెన్త్. ఇప్పుడు స్టేషనూ కోర్టూ అని తిరిగితే చదువు పాడవుతుంది. నలుగురి నోళ్లలో పడుతుంది. రేపు పెళ్లి చేయాల్సిన పిల్ల. ఆ సారును మేం పంపించేస్తాం. సోమవారం నుంచి ఆయన మీకు కనబడరు. సరేనా?" తండ్రి గోడకేసి చూస్తూ తల ఊపుతాడు. సోమవారం నాటికి ఆ సారు నిజంగానే కనబడడు. పాప బెంచి మీద కూర్చునే ఉంటుంది. సారు మూడు వాక్యాల ఉత్తరం పట్టుకుని ఇంకో పేటలో, ఇంకో బడిలో, ఇంకో టెన్త్ క్లాసులో నిలబడి ఉంటాడు.

మేడమ్‌గారు దుర్మార్గురాలని నేను అనడం లేదు. బడి పేరు పోతుందని, అడ్మిషన్లు పడిపోతాయని ఆమె భయం. పిల్ల పేరు పోతుందని తల్లి భయం. రెండు భయాలూ కలిసి కాపాడేది ఒక్క సారునే.

రాజీ సంగతి వచ్చింది కనుక సుప్రీంకోర్టు మాట ఒకటి చెప్పాలి. రాజస్థాన్‌లో ఒక బడి టీచరు తన విద్యార్థినిని తాకరాని చోట తాకాడని 2022లో కేసు అయింది. కొన్నాళ్లకు పిల్ల తండ్రే స్టాంపు కాగితం మీద, పొరపాటు పడ్డాం, రాజీ కుదిరింది అని రాసిచ్చాడు. హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ కుటుంబానికి చెందని వ్యక్తులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. మీకేం సంబంధం అని అవతలివారు అడ్డు చెప్పారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు తేల్చింది: ఇది ఇద్దరు మనుషుల మధ్య తగాదా కాదు, సమాజం మీద నేరం, రాజీతో కొట్టేయడానికి వీల్లేదు. కేసు మళ్లీ నడవాలంది. ఇకమీదట ఏ పెద్దమనుషులైనా పంచాయితీ పెట్టి, ఏదో రాసుకుని పోదాం అంటే, ఈ తీర్పు చెప్పండి.

సరే, ఆ ఉత్తరం దగ్గరికి వద్దాం. ఈ జబ్బు మనది ఒక్కరిదే కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక టీచరు మీద మగపిల్లల విషయంలో అనుమానాలు వచ్చాయి. బడివాళ్లు గోల చేయకుండా సాగనంపారు, పైగా సిఫార్సు కూడా చేశారు. ఆయన పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాకు పోయి అక్కడ టీచరై, ప్రిన్సిపాలై కూర్చున్నాడు. 1997లో ఒక పన్నెండేళ్ల పిల్లవాడు అతని చేతిలో చనిపోయాడు. శిక్ష పడేసరికి 2005 అయింది. ఆ పిల్లవాడి కథను చాలా ఏళ్లు చెప్పి చెప్పి చట్టసభల్లో వాదించారు. పెన్సిల్వేనియా 2014లో చట్టం చేసింది. పిల్లలతో పని ఉన్న ఉద్యోగానికి ఎవరు దరఖాస్తు పెట్టినా, ఇంతకుముందు పిల్లల మధ్య పనిచేసిన ప్రతి చోటూ రాయాలి. కొత్త బడి ఆ పాత చోట్లన్నిటికీ రాసి అడగాలి: ఈయన మీద విచారణ ఏదైనా నడిచిందా, విచారణ నడుస్తుండగా రాజీనామా చేశాడా? పాతవాళ్లు జవాబు చెప్పాలి. గుట్టుగా పంపిస్తాం, నువ్వు గమ్మున ఉండు అన్న ఒప్పందాలు చెల్లవు. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీ 2018లో ఇలాంటి చట్టమే చేసి, గత ఇరవై ఏళ్ల ఉద్యోగాల చిట్టా అడుగుతోంది. ఎడిసన్‌లో ఉన్న మన మనవలకూ మనవరాళ్లకూ ఉన్న ఈ రక్షణ వడపళనిలో ఉన్నవాళ్లకు ఎందుకు ఉండకూడదు?

ఇంగ్లండులోనూ ఇలాంటిదే జరిగింది. 2002లో సోహమ్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు పదేళ్ల ఆడపిల్లలు హత్యకు గురయ్యారు. చంపినవాడు ఆ ఊరి హైస్కూలు కేర్‌టేకరు. అతని మీద అంతకుముందే వేరే జిల్లా పోలీసుల దగ్గర ఆడపిల్లల విషయంలో ఫిర్యాదులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. శిక్ష పడలేదు కనుక ఆ కాగితాలు అక్కడే ఆగిపోయాయి, ఉద్యోగం ఇచ్చిన బడికి చేరలేదు. దాని మీద వేసిన విచారణ సంఘం 2004లో నివేదిక ఇచ్చింది, 2006లో కొత్త చట్టం వచ్చింది.

మన దగ్గర ఏముంది? 2020 మార్చిలో వచ్చిన పోక్సో నియమాల ప్రకారం బళ్లు, హాస్టళ్లు, ఆటల అకాడమీలు తమ సిబ్బంది అందరికీ, టీచరైనా కాకపోయినా, పర్మనెంటైనా కాంట్రాక్టైనా, పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. అదీ ఒకసారి చేయించి ఊరుకోవడం కాదు, అప్పుడప్పుడూ చేయిస్తూ ఉండాలి. సి.బి.ఎస్.ఇ. 2017లోనే తన బళ్లకు ఇదే మాట రాసింది. మంచిదే. కానీ పోలీసుల రికార్డులో కనబడేది కేసు పెట్టిన సంగతే కదా. ప్రిన్సిపాల్ గదిలో మంచినీళ్ల గ్లాసుతో ముగిసిపోయింది ఏ స్టేషను పుస్తకంలో దొరుకుతుంది? వెరిఫికేషనులో ఆ సారు కడిగిన ముత్యమే.

తమిళనాడు ప్రభుత్వం 2012 మేలోనే ఒక గట్టి ఉత్తర్వు ఇచ్చింది. ఇలాంటి ఆరోపణ రుజువైన టీచరును ఉద్యోగం నుంచి తీసేయడంతో సరిపెట్టకుండా, అతని చదువు సర్టిఫికెట్లు కూడా రద్దు చేయాలని. అంటే ఇంకెక్కడా పాఠం చెప్పడానికి వీల్లేకుండా చేయడం. ఎన్నో ఏళ్లు ఆ కాగితం ఫైల్లో నిద్రపోయింది. 2025 మొదట్లో కృష్ణగిరి జిల్లాలోనే ఒక ప్రభుత్వ బడి టీచర్లు ముగ్గురు అరెస్టయ్యాక దాన్ని మళ్లీ బయటికి తీశారు. ఆ మార్చిలో 23 మందిని డిస్మిస్ చేశారు. సర్కారు టీచరుకు సర్వీసు రిజిస్టరైనా ఉంది, వెతికితే ఏదో దొరుకుతుంది. నెలజీతం మీద పనిచేసే ప్రైవేటు బడి సారుకు, కాంట్రాక్టు డ్రైవరుకు, ట్యూషన్ సెంటరు మాస్టరుకు ఆ పుస్తకమూ లేదు.

కాబట్టి నా కోరిక ఒకటే. బడి విడిచే ప్రతి ఉద్యోగికీ ఇచ్చే కాగితంలో ఒక గడి ఉండాలి: పిల్లల రక్షణకు సంబంధించి ఈ వ్యక్తి మీద ఫిర్యాదు వచ్చిందా, వస్తే ఏం తేలింది, తేలకముందే మానేశాడా? అది రాయకుండా ఉద్యోగిని పంపినవారికి, అడగకుండా చేర్చుకున్నవారికి శిక్ష ఉండాలి. ఇది సర్క్యులర్‌తో అయ్యే పని కాదు. శాసనసభ చేయాలి. ఇక్కడా చేయాలి, అమరావతి, హైదరాబాదుల్లో ఉన్న మన ప్రభుత్వాలూ చేయాలి.

ఆ గడి వల్ల అన్యాయంగా ఒక మనిషి బతుకు బుగ్గి కాదా అని మీలో కొందరు అనుకుంటున్నారు. అనుకోవాలి కూడా. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక పెద్ద బడిలో రెండో క్లాసు పిల్లవాణ్ణి గొంతు కోసి చంపారు. స్థానిక పోలీసులు వెంటనే బస్సు కండక్టరును పట్టుకుని, లైంగిక దాడి చేయబోయి చంపాడన్నారు. టీవీలన్నీ అతన్ని ఉరితీసేశాయి. తర్వాత సి.బి.ఐ. వచ్చి చూస్తే కండక్టరుకు సంబంధం లేదని తేలింది, కోర్టు వదిలేసింది. ఖాకీ చొక్కా వేసుకున్న పేదవాడు కనుక అందరికీ నమ్మబుద్ధి అయింది. అందుకే ఆ గడిలో పుకార్లు రాయకూడదు. బడిలోని రక్షణ సంఘం కూర్చుని విచారించిందే రాయాలి. ఆ మనిషికి తన జవాబు చెప్పుకునే వీలుండాలి, ఆ జవాబూ పక్కనే ఉండాలి. నిర్దోషి అని తేలితే అదీ రాయాలి. నిజానికి గుసగుసల మీద ఉద్యోగం పోగొట్టుకునే అమాయకుడికి ఇంతకంటే రక్షణ ఏముంది?

పరాయి రాష్ట్రంలో ఉన్న మనబోటివాళ్లకు ఒక ముక్క ప్రత్యేకంగా చెప్పాలి. అరవం సరిగా రాదు, స్టేషనుకు పోయి ఏం చెబుతాం అని మన ఆడవాళ్లు వెనకాడతారు. పోక్సో చట్టంలో దీనికి దారి ఉంది. ఫిర్యాదు పిల్లకు అర్థమయ్యే తేలిక మాటల్లో రాయాలి. రాసే భాష పిల్లకు అర్థం కాకపోతే అనువదించి చెప్పే మనిషిని వాళ్లే పెట్టాలి. పిల్లను స్టేషనుకు తీసుకువెళ్లనక్కరలేదు. ఇంటికో, పిల్ల కోరిన చోటికో పోలీసులే రావాలి. వీలైనంతవరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. తల్లో తండ్రో పిల్ల నమ్మిన మనిషో పక్కన ఉండాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. పిల్ల పేరు, బడి పేరు, ఆనవాలు పట్టించే ఏ వివరమూ పత్రికలు రాయకూడదు. పిల్ల చెప్పింది రుజువు కాకపోయినా పిల్లకు శిక్ష లేదు. పరువు పోతుందన్న భయంలో సగం ఈ సంగతులు తెలియకనే.

మగపిల్లల తల్లిదండ్రులు రేడియో గొంతు తగ్గించకండి. కేంద్ర ప్రభుత్వం 2007లో అచ్చువేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవారు నూటికి 53 మంది. అలా చెప్పినవారిలో సగం పైచిలుకు మగపిల్లలే. మగపిల్లాడికేం భయం అని మనం అనుకున్నన్నాళ్లూ వాడు చెప్పడు. పి.టి. పీరియడంటే ఎగిరి గంతేసే పిల్లవాడు ఉన్నట్టుండి బుధవారం బుధవారం కడుపునొప్పి అంటుంటే, మందు వేసి పంపకుండా బుధవారం ఏ పీరియడుందో డైరీ తీసి చూడండి.

వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి కాసేపు పక్కన పెట్టి, ప్రిన్సిపాల్‌గారిని మర్యాదగానే అడగండి. మీ రక్షణ సంఘంలో తల్లిదండ్రుల తరఫున ఎవరున్నారు, వాళ్ల ఫోన్ నంబరేది? వ్యాన్ అణ్ణాకు, ఆయమ్మకు పోలీస్ వెరిఫికేషన్ ఎప్పుడు చేయించారు? ఈ ఏడు కొత్తగా చేరిన సారు పాత బడికి ఫోన్ చేసి కనుక్కున్నారా? జవాబు లేకపోతే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు, పదిమంది అడిగితే రాసిస్తారు. మీ పిల్లలకు 1098 అనే నంబరు నోటికి రావాలి, అది రాత్రీ పగలూ పలుకుతుంది. తమిళనాడు విద్యాశాఖ నంబరు 14417. ప్రాణం మీదికి వస్తే 112. కాగితం మీద రాసి, రేపు పొద్దున బడికి పంపే ముందు ఆ కాగితాన్ని పిల్లల డైరీ మొదటి పేజీలో అతికించండి.